తెలుగు టెలివిజన్ వార్తారంగము - ఆహార్యపరిణామము

భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. ఇందు ఆహార్యమనగా వేషభూషలు మాత్రమే యని తలచుట మనలో పరిపాటి. కాని నాట్యశాస్త్రమునందలి ఆహార్యవిభాగము 'పుస్తము'తో మొదలగుచున్నది. వెదురు, చాప, గుడ్డ, తోలు మొదలగు వస్తువులతో రంగమున నిలుపు కొండలు, రథములు, విమానములు మొదలైన ఆకృతులకు పుస్తమని పేరు. నేడు చలనచిత్రకారులు సెట్టు అని వ్యవహరించుచున్నది దాదాపుగా ఇదియే.

తెలుగు టెలివిజన్ వార్తలను గూర్చి ఇంతవరకు జరిగిన చర్చలో ఛానళ్ల యాజమాన్యములు, రాజకీయములు, ఉచ్చారణదోషములు ప్రధానస్థానము నాక్రమించినవి. వార్త చదువబడు గది యెట్టిది, అది యెన్ని మార్పులు చెందినది, ఆ మార్పులు వార్తారచనను ఏవిధముగా ప్రభావితము చేసినవి అను ప్రశ్నలు తగినంతగా పరిశీలింపబడలేదు. సెట్టు బాహ్యాలంకారము, వార్త వస్తువు. కావున మొదటిదానితో సాహిత్యవిద్యార్థులకు పని లేదని కొందఱు తలంపవచ్చును. వార్తాగృహమున జరిగిన ప్రతి మార్పు వార్తావాక్యమున కూడ ఒక మార్పును తెచ్చినదని నిరూపించుట ఈ వ్యాసమున మా యుద్దేశ్యము.

1. పదవిచారము

'సెట్టు' ఆంగ్లపదమే యైనను, దానితో జతకూడిన క్రియ మనది. హైదరాబాదు చిత్రసీమలో సెట్టు 'కట్టిరి' అనుటకంటె సెట్టు 'వేసిరి' అనుటయే వాడుక. పందిరి వేయుదురు; గుడిసె వేయుదురు; నాటకము వేయుదురు; వేషము వేయుదురు. ఇల్లు, గుడి, కోట మాత్రము కట్టుదురు. పునాది వేయుట, బాట వేయుట వంటి ప్రయోగములు లేకపోలేదు గాని, నిలువుగా నెత్తు కట్టడముల విషయమున 'కట్టు' శాశ్వతమైనదానికిని, 'వేయు' మరల తీసివేయదగినదానికిని చెల్లుట స్పష్టము. సెట్టు యొక్క స్వభావము ఆ క్రియలోనే యిమిడియున్నది. ఈ విషయము వ్యాసాంతమున మరల ప్రస్తావనకు వచ్చును.

రెండవది 'నేపథ్యము'. సంస్కృతనాటకములందు నేపథ్యమనగా తెరవెనుక నటులు వేషము దాల్చు చోటు. ప్రేక్షకుని కంటికి కనబడరానిది. నేటి తెలుగున అదే పదమునకు వెనుక కనబడు దృశ్యము, పూర్వస్థితి అను అర్థములు స్థిరపడినవి. కనబడరానిదానికి పేరైనది కనబడుదానికి పేరైనది. ఈ యర్థవిపరిణామము వార్తారంగమున అక్షరాల జరిగినదని ముందు చూపగలము.

2. రామంతపురము: వాచికప్రధానమైన దశ

భారతదేశమున టెలివిజన్ ప్రసారము 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ఆరంభమైనది. తెలుగుపల్లెలకు అది వచ్చినది 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు నడచిన ఉపగ్రహబోధనప్రయోగము వలన. అమెరికావారి ఏటీయస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాలుగు భాషలలో తెలుగొకటి. తదర్థమై ఏర్పడిన నిర్మాణకేంద్రములలో ఒకటి హైదరాబాదున నుండెను. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. రామంతపురమందలి దాని స్టూడియోయే తెలుగు దృశ్యవార్తలకు పుట్టినిల్లు.

1983 నవంబరు 14న శాంతిస్వరూప్ దూరదర్శన్‌లో తెలుగువార్తలు చదివిరి. తొలి తెలుగు వార్తాచదువరిగా వారు ప్రసిద్ధులు. 2024 ఏప్రిల్ 5న పరమపదించిరి. కెమెరా కన్నుమీదనే అక్షరములు నడచు టెలీప్రాంప్టరు లేని ఆ కాలమున వారు కాగితమందలి వార్తను ముందుగా ధారణ చేసి, తల యెత్తి ప్రేక్షకుని చూచుచు చెప్పెడివారు. మా బాల్యమున చూచిన ఆ గది మాకిప్పటికిని జ్ఞాపకము: ఒక బల్ల, ఒక సాదా తెర, ఒక మనిషి. కంటికి చూచుటకు వేఱేమియు లేకుండుటచే చెవి మేలుకొనియుండెను. వాక్యము కర్తతో మొదలై సమాపకక్రియతో ముగిసెడిది.

ఈ నిరాడంబరతకు లేమి యొక్కటియే కారణము కాదు. లండనునందలి బీబీసీ 1954 జులై 5న దృశ్యవార్తలను ఆరంభించినపుడు చదువరి ముఖమును చూపనే లేదు. బొమ్మల వెనుక కంఠము మాత్రమే వినిపించినది. ముఖమున కదలు భావము వార్తకు రంగు పూయునేమో యని వారి శంక. చదువరి తెరపై కనబడినది 1955లోనే. వార్తకు ఆహార్యము ఎంత తగ్గిన విశ్వాసము అంత పెరుగునని ఆ తరము నమ్మినది. దూరదర్శన్ గది ఆ విశ్వాసమునకు తెలుగురూపము.

3. కొండలమీదికి

హైదరాబాదు చిత్రనిర్మాణచరిత్ర తెలియనిదే తరువాతి దశ అర్థము కాదు. అమీరుపేటలోని సారథీ స్టూడియో, పూర్తిగా హైదరాబాదున చిత్రీకరింపబడిన 'మా ఇంటి మహాలక్ష్మి' (1959), మదరాసునుండి తరలివచ్చిన నటులు, నిర్మాతలు - ఇవి పూర్వరంగము. 1975-76లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్సు, జూబిలీహిల్సుల సరిహద్దున రాళ్లగుట్టలమీద అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. 1989లో ఫిలింనగరమున రామానాయుడు స్టూడియో వెలసినది. ఫ్లోరులు వచ్చిన తరువాత వాని చుట్టును ఎడిటింగు గదులు, డబ్బింగు థియేటర్లు, లైట్లు అద్దెకిచ్చు యూనిట్లు చేరినవి. వడ్రంగులు, పెయింటర్లు, లైట్‌మెన్ క్రింద కృష్ణానగరమున కాపురముండిరి. మేస్త్రీకి కబురు పంపిన సాయంకాలమునకు పదిమంది పనివాండ్రు కొండ యెక్కివచ్చు వ్యవస్థ అక్కడ స్థిరపడినది.

1995 ఫిబ్రవరిలో సర్వోన్నతన్యాయస్థానము ఆకాశతరంగములు ప్రజల సొత్తనియు, వానిపై ప్రభుత్వమునకు గుత్తాధిపత్యము లేదనియు తీర్పు చెప్పినది. ఆ సంవత్సరముననే జెమిని, ఈటీవీ ఛానళ్లు ఆరంభమైనవి. మఱుసటి యేడు రామోజీ ఫిలింసిటీ ఏర్పడి ఈటీవీకి నెలవైనది. రామంతపురమును ఫిలింసిటీయు నగరమునకు తూర్పువైపునున్నవని గమనింపవలెను. 2004లో ఇరువదినాలుగు గంటల వార్తాఛానలుగా టీవీ9 వచ్చినప్పటినుండి వార్త పడమటి కొండలదారి పట్టినది. 2007లో టీవీ5, ఎన్‌టీవీ, 2009లో సాక్షి, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారములు మొదలైనవి. ఇట్టి ఛానళ్లు పెక్కులు బంజారాహిల్సు, జూబిలీహిల్సులందు గాని, వాని పరిసరములందు గాని కార్యాలయములు పెట్టుకొన్నవి. చిత్రసీమకు పొరుగున నుండుటయే ఇందుకు ముఖ్యకారణమని మా యభిప్రాయము. వార్తకు వలసిన సామగ్రియు, దానిని నిలుపు చేతులును అక్కడనే యుండెను.

అయితే చిత్రపు సెట్టు వేయుట నేర్చిన చేయి వార్త సెట్టు వేయుటకు వెంటనే చాలలేదు. ఇందుకు మూడు కారణములు కలవు. మొదటిది కాలము: చిత్రపు సెట్టు షూటింగు ముగియువఱకు నిలిచిన చాలును; వార్త సెట్టు రేయింబవళ్లు, సంవత్సరములకొలది నిలువవలెను. ప్లైవుడ్డు పలకపై ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోతపోసి రంగు వేసిన స్తంభము నెలకే అంచులు రాలును. కావున ఇనుప చట్రములు, లామినేటులు, యాక్రిలిక్ పలకలు, దళసరి గాజు వచ్చినవి. రెండవది దృష్టి: చిత్రమున కెమెరా చూడనివైపు సెట్టు పూర్తిచేయ నక్కఱలేదు, వార్తలో మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి చూచుచుండుటచే మాయకు చోటు తగ్గినది. మూడవది శబ్దము: తెలుగుచిత్రములందు మాటలు అధికముగా పిమ్మట డబ్బింగు చేయబడును గనుక ఫ్లోరులో సుత్తిచప్పుడైనను, ఫ్యాను రొదయైనను దోషము కాదు. వార్త ప్రత్యక్షప్రసారము. గది గోడలకు గ్లాస్‌ఊల్ నింపి గుడ్డ తొడిగిన పలకలు బిగింపవలసివచ్చెను; చల్లని గాలి వచ్చు గొట్టములు సయితము చప్పుడు చేయకుండునట్లు వెడల్పుగా నమర్పవలసివచ్చెను.

రంగము మితిమీరి పెద్దదైన నటుని మాట స్పష్టముగా వినబడదనియు, ముఖమునందలి భావము కనబడదనియు భరతుడు ప్రేక్షాగృహలక్షణము చెప్పుచు హెచ్చరించెను. కొండలమీది స్టూడియోలకు ఆ హెచ్చరిక అక్షరాల వర్తించును.

4. బల్ల, గాజుగోడ, వెలుగుగోడ

ప్రైవేటు ఛానళ్ల వార్తారంగమును మూడు అవస్థలుగా విభజింపవచ్చును. ఇవి ఒకదానివెంట నొకటి వచ్చినను, క్రొత్తది రాగానే పాతది పూర్తిగా పోలేదు.

మొదటిది బల్ల యవస్థ. దూరదర్శన్ బల్లయే వంపు తిరిగి, అంచులకు వెలుగు కట్టుకొని పెద్దదైనది. చదువరి 'యాంకరు' అయినది ఇచ్చటనే. వెనుక నీలిగుడ్డయో పచ్చగుడ్డయో కట్టి, ఆ రంగును యంత్రముచే తొలగించి, వేఱొక చిత్రమును చేర్చు క్రోమా పద్ధతి ఈ దశలో ప్రబలినది. ఇది చౌకయైనది, కాని చదువరికి తన వెనుకనున్నది కనబడదు. లేని పటమునకు లేని చోట వ్రేలు చూపవలెను.

రెండవది గాజుగోడ యవస్థ. అమెరికాలో 1980 జూన్ 1న సీఎన్‌ఎన్ ఆరంభమైనపుడు వార్తలు సిద్ధమగు గదినే చదువరి వెనుక చూపుట జరిగెను. ఆ పద్ధతి హైదరాబాదునకును వచ్చినది. గాజు వెనుక కంప్యూటరుల యొద్ద కూర్చున్న ఉపసంపాదకులు, తిరుగు పనివారు, గోడకు వ్రేలాడు తెరలు ప్రేక్షకునికి కనబడజొచ్చిరి. నేపథ్యశబ్దమును గూర్చి పైన చెప్పినది ఇచ్చట ఫలించినది. వేషము దాల్చు గదియే వెనుకటి దృశ్యమైనది; పదము యొక్క ప్రాచీనార్థము నవీనార్థము ఒకచోట కలిసినవి. దీని యుద్దేశము పారదర్శకత. కాని ఎల్లప్పుడు కెమెరాలో పడు గదిలో పనిచేయు వాడు తానును కొంత నటుడగును.

మూడవది వెలుగుగోడ యవస్థ. ఎల్‌ఈడీ పలకలను జోడించి గది వెడల్పున గోడ నిర్మించి, దానియందే నేపథ్యమును మార్చుట నేటి పద్ధతి. చుక్కకును చుక్కకును నడిమి దూరము మిల్లీమీటర్లలో లెక్కింపబడును. ఆ దూరము ఎక్కువయైనను, కెమెరా గోడకు మిక్కిలి దగ్గఱయైనను తెరపై అలలవలె గీతలు పాఱును. గోడయే వెలుగుచుండుటచే ముఖముపై పడు వెలుగును దానితో సరిపోల్చవలెను. పాత హాలోజన్ దీపముల వెలుగు 3,200 కెల్విన్లు, పసుపుడాలు గలది. పగటివెలుగు 5,600 కెల్విన్లు, నీలిడాలు గలది. రెండును పొరపాటున కలిసిన ముఖము కామెర్లు వచ్చినట్లు కనబడును. ఎల్‌ఈడీ దీపములు వచ్చిన తరువాత వేడిమియు విద్యుత్తు వ్యయమును బాగుగా తగ్గినవి.

ఈ మార్పునకు మఱియొక ప్రేరణ దృశ్యస్ఫుటత. పూర్వము తెరపై కనబడు గీతలు 576. తెర నిష్పత్తి 4:3. హెచ్‌డీలో గీతలు 1,080; నిష్పత్తి 16:9. తెర ప్రక్కలకు విస్తరించుటచే సెట్టు అంచులు బయటపడినవి. స్ఫుటత పెరుగుటచే పలకల అతుకులు, రంగు పెచ్చులు, మేకుతలలు కనబడజొచ్చినవి. పూర్వము మసక కప్పిపుచ్చిన పనితనలోపమును వెలుగు బయటపెట్టినది. సెట్టులు తఱచుగా మార్చవలసివచ్చుటకు వైభవకాంక్ష యెంత కారణమో ఇదియు నంత కారణము.

చిత్రసీమకును వార్తారంగమునకును గల ఋణానుబంధము కూడ ఇచ్చట తలక్రిందులైనది. మొదట చిత్రసీమ వార్తకు వడ్రంగినిచ్చినది. నేడు వెలుగుగోడ ముందు నటుని నిలిపి చిత్రీకరించు పద్ధతి చిత్రములకును వచ్చినది. అన్నపూర్ణ స్టూడియోలో అట్టి వేదిక యేర్పడినది. గోకలే, కళాధర్ కళాదర్శకులుగా 'మాయాబజార్' (1957) నాడు కఱ్ఱతోను, గుడ్డతోను, రంగుతోను సాధించినదానిని నేడు విద్యుత్తు సాధింపజూచుచున్నది.

5. లిపియు చీరయు

యంత్రములన్నియు పరదేశములనుండి వచ్చినవే యైనను, తెలుగు వార్తారంగమునకు తనవైన సమస్యలు రెండు కలవు.

మొదటిది లిపి. రోమనులిపిలో అక్షరములు చాలవరకు ఒక వరుసలో నిలుచును. తెలుగున గుడి, తలకట్టు పైకి పోవును. ఒత్తులు క్రిందికి దిగును. 'రాష్ట్ర', 'స్వాతంత్ర్య' వంటి పదములకు వరుసక్రింద మఱియొక వరుస చోటు కావలెను. కావున తెర అడుగున నడచు వార్తాపట్టీలు తెలుగున మిక్కిలి ఎత్తైనవి. ఒకదానిపై నొకటిగా రెండు మూడు పట్టీలు చేరినపుడు తెరలో నాలుగవ వంతుకు మించి అక్షరములే యుండును. అపుడు బల్ల ముందుభాగము కనబడదు. ఎంతో వ్యయముతో వెలుగులు చెక్కించిన బల్ల ప్రేక్షకుని కంటబడక పట్టీల మఱుగున పోవుట మనము నిత్యము చూచుచున్నదే. ఛానలు చిహ్నము బల్లను వదలి గోడ యెక్కుటకును, యాంకరు లేచి నిలుచుటకును ఇది యొక కారణమని మా యూహ. ఒత్తులు మనుష్యుని నిలువబెట్టినవన్నను అతిశయోక్తి కాదు.

రెండవది చీర. క్రోమాకు పచ్చగుడ్డ స్థిరపడిన తరువాత చదువరికి ఆకుపచ్చ చీర నిషిద్ధమైనది. కట్టినచో దేహము మాయమై చీరలో పటములు కనబడును. తెలుగింట శుభప్రదమైన వర్ణమునకు వార్తాగృహమున ప్రవేశము లేకపోయెను. సన్నగళ్ల నేతచీర, దగ్గఱదగ్గఱ చారల చొక్కా కెమెరాలో జలజలలాడును గనుక అవియు తొలగినవి. వెలుగుగోడ వచ్చిన పిదప పచ్చచీరకు విముక్తి కలిగినది. సన్నగళ్లకు మాత్రము ఇంకను లేదు.

6. రంగము - వాక్యము

ఇపుడు ప్రధానాంశము. బల్ల యొద్ద కూర్చున్న వాడు చదువును. గోడయొద్ద నిలిచిన వాడు చూపును. నడచుచున్న వాడు పిలుచును. ఈ మూడు క్రియలకును మూడు వాక్యరీతులు. 'ముఖ్యమంత్రి రేపు జిల్లాలో పర్యటించనున్నారు' అనునది కూర్చున్న వాని వాక్యము. 'ఇదిగో, ఇక్కడ చూడండి' అనునది చూపువాని వాక్యము; ఇందు వార్త గోడమీద నున్నది, వాక్యమున లేదు. 'జిల్లాకు సీఎం' అనునది పట్టీ వాక్యము. ఇందు క్రియయే లేదు. వాచికము వహించిన భారమును ఆహార్యము గైకొనగా, వాక్యము తేలికపడినది. ఇది కేవలము పతనమని మేమనము. పటము, పట్టిక, వరదనీటి దృశ్యము మాటకంటె తేటగా చెప్పగల సందర్భములు కలవు. కాని చూపుటకేమియు లేని వార్తయు కలదు. న్యాయస్థానపు తీర్పులోని తర్కము, బడ్జెటులోని ఒక పద్దు, విశ్వవిద్యాలయమున నిండని ఉద్యోగము - వీనికి దృశ్యము లేదు. వెలుగుగోడ దృశ్యమును కోరును. దృశ్యము లేని వార్త దానిముందు నిలువలేక జాఱిపోవును. మా భయమెల్ల ఇదియే.

చర్చాకార్యక్రమములకును ఇదియే న్యాయము. 2009 డిసెంబరు 9 నాటి కేంద్రప్రకటన తరువాతి సంవత్సరములందు తెలంగాణ విషయమై ఛానళ్లలో రాత్రివేళ సాగిన చర్చలు తెలుగు వాదసాహిత్యమున ఒక ఘట్టము. ఒక బల్ల చుట్టు కూర్చున్నవారు ఒకరి ముఖ మొకరు చూచుచు వాదింతురు. వేఱువేఱు గదులనుండి తెరపై గళ్లలో కనబడువారు కెమెరాను చూచుచు వాదింతురు. రెండవవిధమున ఎదుటివాని ముఖము కనబడదు గనుక, అతడు ముగించుచున్నాడో లేదో తెలియదు. మాట మాటపై పడును. కలహమునకు వక్తల స్వభావమెంత హేతువో గదుల యమరికయు నంత హేతువు.

దీనికి ప్రతిగా ఒక మంచి యుదాహరణము చెప్పవలెను. 2012లో ఆరంభమైన వీ6 ఛానలు 'తీన్మార్ వార్తలు' తెలంగాణ పలుకుబడిలో చెప్పసాగెను. తరువాత బిత్తిరి సత్తి అను పాత్ర పల్లెటూరివాని వలె రంగమునకు వచ్చి, వార్త చెప్పువారిని ప్రశ్నించుచు, ఎకసక్కెములాడుచు జనాదరణ పొందెను. ఇచ్చట ఆకర్షణ సెట్టు ఖరీదులో లేదు. చెప్పువానికిని వినువానికిని నడుమ బల్ల గీచిన గీతను ఒక మాండలికము తుడిచివేసినది. వాచికము మరల ఆహార్యమును గెలువగలదనుటకు ఇది నిదర్శనము.

2014 జూన్ 2న రాష్ట్రము రెండైన పిదప దూరదర్శన్‌లో యాదగిరి, సప్తగిరి అనియు, ఈటీవీలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అనియు వార్తాప్రసారములు వేఱైనవి. 2023లో ఒడిశాయందు 'లీసా', తెలుగున 'మాయ' అను కృత్రిమయాంకరులు తెరకెక్కిరి. గది పోయి గోడ మిగిలినది. ఇపుడు మనిషియు గోడలో చేరుచున్నాడు. భరతుని చతుర్విధాభినయమున ఆహార్యము తక్కిన మూటిని మ్రింగిన స్థితి యిది. సాత్త్వికము యంత్రమునకు సాధ్యమా యను చర్చ వేఱొక వ్యాసమునకు తగినది.

7. తీసివేసిన సెట్టు

కొంతకాలము క్రిందట జూబిలీహిల్సునందలి ఒక వార్తాఛానలువారు పాతసెట్టు తీసి క్రొత్తది వేయుచుండగా చూచు నవకాశము మాకు కలిగినది. యాంకరు బల్లను నలుగురు మనుష్యులు త్రిప్పివేసిరి. తెరపై గాజువలె మెఱసిన ఆ బల్ల వెనుక ముడి ప్లైవుడ్డు; దానిపై వడ్రంగి పెన్సిలుతో వ్రాసికొన్న కొలతలు, ఒక ఫోను నంబరు, ఓంకారము. గోడపలకను గీకగా ఒక రంగుక్రింద నొకటిగా మూడు రంగులు బయటపడినవి. ఒక్కొక్క రంగు ఒక్కొక్క ఎన్నికల నాటిదని అక్కడివారు చెప్పిరి. ఆ ముందు యెన్ని ప్రభుత్వములు మాఱినవో, ఎందఱు వాదించిరో! దీనిని ఎక్కడ భద్రపఱుతురని మేము మేస్త్రీ నడుగగా, అతడు నవ్వి, "పాత సెట్టుకు రేటేముంటది సార్, చెక్క కిలోలెక్కన పోతది" అనెను. కనీసము ఛాయాచిత్రములు, నమూనాచిత్రములు ఉన్నవా యని కార్యాలయమున విచారించితిమి. అడుగవలసిన మనిషి ఉద్యోగము మాని వెళ్లెనని సమాధానము వచ్చినది.

'వేయు' అను క్రియ యొక్క అర్థము ఆనాడు మాకు పూర్తిగా బోధపడినది. వేసినది తీయబడును, అందు విచారింపవలసినది లేదు. 1885లో వనారస గోవిందరావు ఆరంభించిన సురభి నాటకసమాజము యొక్క చిత్రితయవనికలను గూర్చి మనకు కొంత తెలియుచున్నదన్న, అందుకు ఆ కుటుంబములవారు తరతరములుగా వానిని విప్పి, చుట్టి, దాచికొనుటయే కారణము. వార్తారంగమునకు అట్టి కుటుంబము లేదు. ప్రసారములో నిలిచినది ముందువైపు మాత్రమే. వెనుకవైపు కిలోలెక్కన పోవుచున్నది.

తెలుగుశాఖలందలి పరిశోధకవిద్యార్థులకు మా మనవి యొక్కటి. తాళపత్రమును వెదకువారు పత్రము నెవరు చెక్కిరో, గంట మెట్టిదో కూడ వ్రాసికొందురు. అదే శ్రద్ధను వార్తారంగమునకును చూపవలెను. కృష్ణానగరమున నున్న మేస్త్రీలు, పెయింటరులు, లైట్‌మెన్ ఇంకను జీవించియున్నారు. వారి మాటలను, వారి పనిముట్ల పేర్లను, కొలతకాగితములను ఇపుడే సేకరింపవలెను. ఒక తరము యొక్క వార్తాభాష ఏ గదిలో, ఏ వెలుగులో, ఏ బల్లయొద్ద పలుకబడినదో తెలియక ఆ భాషను గూర్చి రాబోవువారు చేయు తీర్పు అసమగ్రమగును. జూబిలీహిల్సు మన విశ్వవిద్యాలయములకు దూరము కాదు. తదుపరి సెట్టు తీయులోపల వెళ్లుట మేలు.